నొప్పులు రప్పించి చేసే కాన్పు

ప్రసవ వేదన తనంతట తాను మొదలుకాకముందే మందులతోనో, పరికరంతోనో గర్భాశయాన్ని కదిలించి కాన్పు అయ్యేలా చూడడాన్ని నొప్పులు రప్పించడం అంటారు. వైద్య గ్రంథాల్లో దీనికి ప్రసవ ప్రేరణ అని పేరు. ఆసుపత్రి వరండాల్లో మాత్రం ‘నొప్పులకు మందు పెట్టారు’, ‘జెల్ పెట్టారు’, ‘సెలైన్ ఎక్కిస్తున్నారు’ అన్న మాటలే వినిపిస్తాయి. అప్పటికే మొదలైన నొప్పులు మందగించినప్పుడు వాటికి బలం ఇవ్వడం వేరే ప్రక్రియ. మందు ఒకటే కావడంతో చాలామంది ఈ రెంటినీ కలిపి మాట్లాడతారు.

బిడ్డ కడుపులో ఉండడం కన్నా బయటికి రావడమే తల్లికో బిడ్డకో క్షేమమని తేలినప్పుడు ఈ పద్ధతి ప్రాణం కాపాడుతుంది. అవసరం లేని చోట, కాపలా లేని చోట వాడితే అదే మందు ప్రాణం మీదికి తెస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస చుట్టుపక్కల గర్భిణులను, వారి కుటుంబాలను ప్రత్యేకంగా దృష్టిలో ఉంచుకుని ఈ వ్యాసం ఆ ప్రక్రియను వివరిస్తుంది.

సహజంగా నొప్పులు ఎలా వస్తాయి

నెలలు నిండేకొద్దీ గర్భాశయ ముఖద్వారం మెత్తబడి, పొట్టిదై, ముందుకు తిరుగుతుంది. ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఈ మార్పు తెస్తాయి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఆక్సిటోసిన్ గర్భాశయ కండరాన్ని ముడుచుకునేలా చేస్తుంది. ఈ సంకోచాలు క్రమం పట్టి, దగ్గరపడి, బలం పుంజుకుంటే ముఖద్వారం కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది. దాదాపు 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాక అసలైన ప్రసవ దశ మొదలైందని, 10 సెంటీమీటర్లకు పూర్తిగా తెరుచుకుందని లెక్క. వైద్యులు వాడే మందులన్నీ శరీరం చేసే ఈ పనికి అనుకరణలే.

చరిత్ర

18వ శతాబ్దంలో లండన్‌లో థామస్ డెన్మన్ వంటి వైద్యులు, కటి ఎముకలు ఇరుకుగా ఉన్న స్త్రీలకు ఉమ్మనీటి సంచికి చిల్లుపెట్టి ముందుగానే కాన్పు చేసేవారు. 1906లో హెన్రీ డేల్, పిట్యూటరీ గ్రంథి సారం గర్భాశయాన్ని ముడుచుకునేలా చేస్తుందని కనుగొన్నాడు. 1909లో బ్లెయిర్ బెల్ దాన్ని ప్రసూతి వైద్యంలోకి తెచ్చాడు. ఎంత మోతాదు వెళుతోందో అదుపులో పెట్టే వీలు లేని ఆ రోజుల్లో సూదిగా ఇచ్చిన మందు ప్రమాదాలూ తెచ్చింది. 1948లో జెఫ్రీ థియోబాల్డ్ దాన్ని సెలైన్‌లో కలిపి చుక్కలు చుక్కలుగా ఎక్కించే పద్ధతిని ప్రచారంలోకి తేవడంతో అదుపు చిక్కింది. 1953లో విన్సెంట్ డు విన్యో ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాడు. 1955లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

1968లో ఉగాండా రాజధాని కంపాలాలో సుల్తాన్ కరీం ప్రోస్టాగ్లాండిన్‌తో నొప్పులు రప్పించి చూపాడు. మూత్రం తీయడానికి వాడే ఫోలీ గొట్టంతో ముఖద్వారాన్ని తెరిచే పద్ధతి 1967 నుంచి వ్యాప్తిలోకి వచ్చింది. కడుపులో పుండ్లకు మందుగా పుట్టిన మిసోప్రోస్టాల్ 1990ల నుంచి ప్రసూతి గదుల్లో చోటు సంపాదించింది.

ఎప్పుడు అవసరం

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం ‘డేట్ దాటిపోవడం’. 41 వారాలు నిండాయని రూఢిగా తెలిసిన గర్భిణికి నొప్పులు రప్పించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తుంది. ఆ తర్వాత మాయ శక్తి తగ్గడం, ఉమ్మనీరు తగ్గడం, బిడ్డ కడుపులోనే మలవిసర్జన చేయడం పెరుగుతాయి. 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 34 అధ్యయనాలను, 21,000 మందికి పైగా గర్భిణుల వివరాలను కలిపి చూసింది. సుమారు 544 మందికి నొప్పులు రప్పిస్తే ఒక శిశు మరణం తప్పుతుందని అది తేల్చింది. అంటే డేట్ దాటిన ప్రతి గర్భమూ ఆపదలో ఉందని కాదు. ముప్పు చిన్నదే గానీ నిజమైనది, తప్పించగలిగినది.

మిగిలిన ముఖ్య కారణాలు ఇవి:

- రక్తపోటు పెరగడం, దానితో మూత్రంలో ప్రోటీన్ పోవడం. తీవ్రత లేకపోతే 37 వారాలు నిండాక, తీవ్రంగా ఉంటే ఇంకా ముందే కాన్పు చేయాల్సి వస్తుంది.
- నెలలు నిండాక నొప్పులు రాకుండానే ఉమ్మనీరు పోవడం. ఆలస్యమైతే లోపలికి ఇన్‌ఫెక్షన్ చేరుతుంది.
- గర్భిణికి మధుమేహం ఉండడం, ముఖ్యంగా చక్కెర అదుపులో లేనప్పుడు.
- బిడ్డ సరిగా ఎదగకపోవడం, కదలిక తగ్గడం, ఉమ్మనీరు బాగా తగ్గిపోవడం.
- కాలేయ సమస్యతో అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెట్టడం.
- బిడ్డ కడుపులోనే చనిపోవడం.

పలాస, కవిటి, సోంపేట ప్రాంతాల ఉద్దానం గ్రామాల్లో మూత్రపిండాల జబ్బు ఎక్కువ. ఆ జబ్బు ఉన్న గర్భిణికి రక్తపోటు ముప్పు అధికం. అందుకే అక్కడి వారు మొదటి నెలల్లోనే రక్త, మూత్ర పరీక్షలు చేయించుకుని, కాన్పు ఏ ఆసుపత్రిలో అన్నది ముందే నిర్ణయించుకోవాలి.

ఎప్పుడు చేయకూడదు

మాయ ముఖద్వారానికి అడ్డంగా ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగి ఉన్నా, బొడ్డుతాడు ముందుకు జారినా, గతంలో గర్భాశయాన్ని నిలువుగా కోసి ఆపరేషన్ చేసి ఉన్నా నొప్పులు రప్పించరు. మామూలు అడ్డకోతతో ఒకసారి సిజేరియన్ అయినవారికి పెద్ద ఆసుపత్రుల్లో ఎంతో జాగ్రత్తగా ప్రయత్నిస్తారు. అయితే వారికి మిసోప్రోస్టాల్ వాడరు, పాత కుట్టు చిట్లే ముప్పు ఉంటుంది. ‘పోయినసారి పెద్దాపరేషన్ అయింది’ అన్న సంగతి డాక్టరుకే కాదు, డ్యూటీ మారినప్పుడల్లా వచ్చే ప్రతి నర్సుకూ చెప్పాలి.

మంచి తిథి, మంచి నక్షత్రం కోసమో, సెలవులు కలిసివస్తాయనో నెలలు నిండకముందే కాన్పు చేయించమని కోరడం బిడ్డకు హాని. 39 వారాల లోపు పుట్టే బిడ్డల్లో ఊపిరి ఇబ్బంది, పాలు తాగలేకపోవడం, కామెర్లు ఎక్కువ.

తేదీ లెక్కే పునాది

ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు లెక్కగట్టి కాన్పు తేదీ ఇస్తారు. నెలసరి తేదీ గుర్తులేకపోయినా, క్రమం తప్పినా మొదటి 3 నెలల్లో తీసిన స్కానింగే నమ్మదగిన ఆధారం. ఆఖరి నెలల్లో తీసిన స్కానింగ్ తేదీ రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. చిన్నగా ఉన్న బిడ్డను నెలలు తక్కువ బిడ్డగా పొరబడవచ్చు కూడా.

ఉత్తరాంధ్రలో ఈ సంగతికి ప్రత్యేకమైన బరువుంది. ఈ జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు ఇళ్ల నిర్మాణ పనులకు, ఇతర కూలి పనులకు హైదరాబాద్, చెన్నై వంటి నగరాలకు వలస వెళతాయి. మొదటి నెలల్లో అక్కడ చూపించుకున్న ఆడపిల్ల ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పురిటికి పుట్టింటికి వస్తుంది. తొలి స్కానింగ్ కాగితం అక్కడే ఉండిపోతే ఇక్కడి డాక్టరుకు తేదీ తేల్చడం కష్టమవుతుంది. పురిటికి బయల్దేరేటప్పుడు చీరలకన్నా ముందు సంచిలో పడాల్సింది ఆ కాగితం, తల్లీబిడ్డల రక్షణ కార్డు. కాగితాలను ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవడం ఇంకా మేలు.

ముఖద్వారం సిద్ధంగా ఉందా

మందు మొదలుపెట్టే ముందు డాక్టరు లోపలి పరీక్ష చేసి ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత పొట్టిదైంది, ఎంత మెత్తబడింది, ఎటు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది అన్న 5 విషయాలు చూస్తారు. 1964లో ఎడ్వర్డ్ బిషప్ రూపొందించిన పట్టిక ప్రకారం వీటికి మొత్తం 13 మార్కులు. 6 లేదా అంతకన్నా తక్కువ వస్తే ముందు ముఖద్వారాన్ని సిద్ధం చేయాలి. 8 దాటితే నొప్పులు తేలిగ్గా అందుకుంటాయి. సిద్ధం కాని ముఖద్వారం ముక్కు కొసలా గట్టిగా, సిద్ధమైనది పెదవిలా మెత్తగా తగులుతుంది. తొలి కాన్పువారికి ఎక్కువ సమయం పట్టడానికి, ఇదివరకు కన్నవారికి త్వరగా కావడానికి ప్రధాన కారణం ఈ తేడాయే.

పద్ధతులు

*పొరలు విడదీయడం.* 38, 39 వారాలు దాటాక లోపలి పరీక్ష చేస్తూనే ముఖద్వారానికి అంటిన పొరలను వేలితో విడదీస్తారు. కాసేపు నొప్పి, కొద్దిగా రక్తం మరక కనిపించవచ్చు. ఇది చేసి ఇంటికి పంపుతారు. తర్వాతి కొద్ది రోజుల్లో నొప్పులు తమంతట తామే మొదలయ్యే అవకాశం పెరుగుతుంది.

*జెల్.* డైనోప్రోస్టోన్ అనే ప్రోస్టాగ్లాండిన్ ఇది. సిరంజితో ముఖద్వారంలో పెడతారు. పెట్టాక కొంతసేపు పడుకోమంటారు. 6 గంటల తర్వాత మళ్లీ పరీక్షించి, అవసరమైతే మరోసారి పెడతారు. దీన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో నిల్వ ఉంచాలి.

*మిసోప్రోస్టాల్ మాత్ర.* 25 మైక్రోగ్రాముల చిన్న మోతాదును నోటి ద్వారా 2 గంటలకోసారి, లేదా యోని ద్వారా 6 గంటలకోసారి ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఫ్రిజ్ అక్కర్లేదు, ధర తక్కువ. ఇతర అవసరాలకు అమ్మే 200 మైక్రోగ్రాముల మాత్ర దీనికి 8 రెట్లు. దాన్ని ముక్కలు చేసి అంచనాగా వేస్తే మోతాదు తప్పుతుంది.

*ఫోలీ బెలూన్.* సన్నని రబ్బరు గొట్టాన్ని ముఖద్వారం దాటించి, కొసనున్న బెలూన్‌ను 30 నుంచి 80 మిల్లీలీటర్ల నీటితో నింపుతారు. ఆ ఒత్తిడికి ముఖద్వారం సుమారు 3 సెంటీమీటర్లు తెరుచుకోగానే గొట్టం దానంతట అదే జారి పడుతుంది. మందు లేని పద్ధతి కాబట్టి గర్భాశయం అతిగా ముడుచుకునే భయం తక్కువ.

*ఉమ్మనీరు పగలగొట్టడం, ఆక్సిటోసిన్ సెలైన్.* ముఖద్వారం కొంత తెరుచుకుని, తల బాగా దిగాక ఉమ్మనీటి సంచికి చిల్లుపెడతారు. గోరువెచ్చని నీరు ఒక్కసారిగా పోతుంది. తర్వాత ఆక్సిటోసిన్‌ను సెలైన్‌లో కలిపి చాలా తక్కువ వేగంతో మొదలుపెట్టి, అరగంటకోసారి నొప్పులను బట్టి పెంచుతారు. జెల్ పెట్టాక 6 గంటలు, మిసోప్రోస్టాల్ ఇచ్చాక కనీసం 4 గంటలు గడవనిదే దీన్ని మొదలుపెట్టరు.

ఏది మేలన్న ప్రశ్నకు మన దేశం నుంచే ఒక ముఖ్యమైన జవాబు వచ్చింది. నాగపూర్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో రక్తపోటు ఉన్న 602 మంది గర్భిణులపై జరిపిన అధ్యయనం 2017లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. 24 గంటల్లో సహజ కాన్పు అయినవారు నోటి మిసోప్రోస్టాల్ తీసుకున్నవారిలో 57 శాతం, ఫోలీ గొట్టం పెట్టినవారిలో 47 శాతం. మెరుగైన పద్ధతిలో కూడా నూటికి 43 మందికి ఆ 24 గంటల్లో సహజ కాన్పు కాలేదన్నది కుటుంబాలు గుర్తుంచుకోవాల్సిన సంగతి.

ఆసుపత్రిలో జరిగేది

చేరగానే రక్తపోటు, ఉష్ణోగ్రత, హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు చూస్తారు. బిడ్డ తల కిందికే ఉందా అన్నది తేల్చుకుని, గుండె చప్పుడు కొంతసేపు నమోదు చేస్తారు. కారణం, పద్ధతి, ముప్పులు వివరించి సంతకం తీసుకుంటారు.

మొదటి 6 నుంచి 12 గంటలు పెద్ద మార్పేమీ కనిపించకపోవచ్చు. నడుము లాగినట్టు, నెలసరి నొప్పిలా సన్నగా మొదలై ఆగిపోవచ్చు. ఈ దశలో డాక్టరు అనుమతించిన తేలికపాటి ఆహారం, మంచినీళ్లు తీసుకోవచ్చు. నడవవచ్చు, నిద్రపోవచ్చు. తొలి కాన్పుకు మొత్తం ఒక రోజు పట్టడం మామూలే, రెండు రోజులు కూడా పట్టవచ్చు. ‘నిన్న పొద్దున్న చేర్చాం, ఇంకా కాలేదు’ అని కంగారుపడి ఆపరేషన్‌కు ఒత్తిడి చేసే బంధువుల వల్ల కొందరు తల్లులు సహజ కాన్పు అవకాశం పోగొట్టుకుంటారు.

నొప్పులు పట్టుకున్నాక 10 నిమిషాల్లో ఎన్నిసార్లు వస్తున్నాయో, ఎంతసేపు ఉంటున్నాయో లెక్కిస్తారు. బిడ్డ గుండె చప్పుడును 15 నుంచి 30 నిమిషాలకోసారి వింటారు, లేదా యంత్రంతో ఎడతెగకుండా చూస్తారు. ఆక్సిటోసిన్‌తో వచ్చే నొప్పులు సహజ నొప్పులకన్నా త్వరగా తీవ్రమవుతాయని తల్లులు చెబుతారు. వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మందు నొప్పిని బాగా తగ్గిస్తుంది గానీ అది అన్ని ఆసుపత్రుల్లో దొరకదు. ఇంజెక్షన్లు కొంత ఉపశమనం ఇస్తాయి. పక్కకు తిరిగి పడుకోవడం, నడుము నొక్కడం, వేడి కాపడం, దగ్గరి మనిషి చెయ్యి పట్టుకుని ఉండడం నిజంగా పనిచేస్తాయి. కాన్పు సమయంలో తల్లి కోరుకున్న తోడు మనిషిని ప్రభుత్వ ఆసుపత్రుల్లో అనుమతించాలని కేంద్ర ప్రభుత్వం 2016లో సూచించింది. అమ్మ, అత్త, అక్క, వదినల్లో ఎవరు లోపలుంటారో ముందే అనుకోవడం మంచిది.

బిడ్డ పుట్టాక రక్తస్రావం ఎక్కువ కాకుండా ఆక్సిటోసిన్ సూది ఇస్తారు. మందులతో ఎక్కువసేపు శ్రమపడిన గర్భాశయం వదులై రక్తం పోయే అవకాశం ఉండడంతో మొదటి రెండు గంటల కాపలా చాలా ముఖ్యం.

ప్రమాదాలు, విఫలమైనప్పుడు

10 నిమిషాల్లో 5 కన్నా ఎక్కువ నొప్పులు వస్తుంటే గర్భాశయం అతిగా ముడుచుకుంటున్నట్టు. నొప్పికీ నొప్పికీ మధ్య విరామం లేకపోతే బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. అప్పుడు సెలైన్ ఆపి, తల్లిని ఎడమ పక్కకు తిప్పి, గర్భాశయాన్ని వదులుచేసే మందు ఇస్తారు. ఆక్సిటోసిన్ ప్రభావం ఆపిన కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. సెలైన్‌లో ఇవ్వడంలో ఉన్న భద్రత ఇదే. గర్భాశయం చిట్లడం, ఉమ్మనీరు పగలగొట్టినప్పుడు బొడ్డుతాడు జారడం, ఇన్‌ఫెక్షన్ అరుదుగా జరిగే ఇతర ఆపదలు.

తల్లీబిడ్డలు క్షేమంగా ఉన్నంతవరకు, ఉమ్మనీరు పోయాక కనీసం 12 నుంచి 18 గంటలు ఆక్సిటోసిన్ ఇచ్చి చూడనిదే ప్రయత్నం విఫలమైందని అనరాదని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2014లో సూచించింది. నొప్పులు రప్పిస్తే సిజేరియన్ తప్పదన్న భయానికి ఆధారం బలంగా లేదు. అమెరికాలో 6,106 మంది తొలి కాన్పు స్త్రీలపై జరిపి 2018లో వెలువరించిన అరైవ్ అధ్యయనంలో, 39 వారాలు నిండాక నొప్పులు రప్పించినవారిలో 18.6 శాతానికి, వేచి చూసినవారిలో 22.2 శాతానికి సిజేరియన్ అయింది. ఓపికగా సమయం ఇచ్చే పద్ధతి, నిరంతర పర్యవేక్షణ ఉన్న ఆసుపత్రుల ఫలితం అది. సిబ్బంది తక్కువై, మంచాలు నిండిపోయిన చోట అవే అంకెలు వస్తాయనుకోలేం.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఓపికకు విలువ ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి, ఇది గర్వించదగ్గ విషయం. అయితే 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. దేశ సగటు 21.5 శాతం. తెలంగాణలో అది 60.7 శాతానికి చేరింది. సరైన కారణంతో, సరైన వారంలో, తగిన సమయం ఇచ్చి నొప్పులు రప్పించడం ఈ అంకెలను తగ్గించే మార్గాల్లో ఒకటి.

ఉత్తరాంధ్రలో ఎక్కడ

నొప్పులు రప్పించే చోట ఏ క్షణంలోనైనా సిజేరియన్ చేయగల డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం, పసిబిడ్డల వైద్యం అందుబాటులో ఉండాలి. నొప్పులు వాటంతట అవే వచ్చి, ముప్పు లేని కాన్పుకు దగ్గరి ఆరోగ్య కేంద్రం చాలు. మందుతో మొదలుపెట్టే కాన్పుకు ఆ హంగులన్నీ ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోవాలి. ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి పది పన్నెండు కిలోమీటర్ల దూరం. జనం ఇప్పటికీ రిమ్స్ అనే పిలిచే ఈ బోధనాసుపత్రి వైద్య కళాశాల 2008లో మొదలైంది. విజయనగరం వైపువారికి ఘోషా ఆసుపత్రి, మరింత చిక్కు కేసులకు విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి, విక్టోరియా ఆసుపత్రి ఉన్నాయి.

సీతంపేట, పార్వతీపురం కొండల్లోని సవర, జాతాపు గర్భిణులకు దూరమే పెద్ద ముప్పు. కొన్ని ఊళ్ల నుంచి రోడ్డు దాకా డోలీలో మోసుకొచ్చే పరిస్థితి పూర్తిగా పోలేదు. డేట్ దగ్గరపడ్డాక కొండ దిగి, సాలూరులో నడిపినటువంటి గర్భిణుల వసతి గృహంలోనో, ఆసుపత్రికి దగ్గరలో బంధువుల ఇంట్లోనో ఉంటే, 41 వారాలు దాటకుండా చూడడం, రక్తపోటును కనిపెట్టడం సాధ్యమవుతాయి.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఖర్చు భయం అక్కర్లేదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద సహజ కాన్పయినా, సిజేరియనైనా, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రానుపోను వాహనం ఉచితం. ప్రతి నెలా 9వ తేదీన డాక్టరు చేత గర్భిణులకు ఉచిత పరీక్షలు జరిపించే కార్యక్రమం 2016 నుంచి ఉంది. ఆపదలో 108కి ఫోన్ చేయాలి.

నాటు పద్ధతులు, నొప్పుల సూది

నొప్పులు రావడానికి ఆముదం తాగించడం పాత అలవాటు. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం పేగును, గర్భాశయాన్ని కూడా ముడుచుకునేలా చేస్తుందని 2012లో జర్మనీ పరిశోధకులు చూపారు. అంటే అది వట్టి నమ్మకం కాదు. అయినా మోతాదు తెలియని మందు అది. విరేచనాలు పట్టుకుని, ఒంట్లో నీరు తగ్గి, కాన్పు వేళకు తల్లి నీరసించిపోతుంది. ఇంట్లో తాగించకూడదు.

అంతకన్నా ప్రమాదం, అర్హత లేనివారు ఇంటికి వచ్చి ఇచ్చే ‘నొప్పుల సూది’. కాన్పుకు ముందు కండరానికి ఇచ్చిన ఆక్సిటోసిన్‌ను వెనక్కి తీయలేం. గర్భాశయం చిట్లి తల్లి, ఊపిరందక బిడ్డ ఇద్దరూ పోవచ్చు. పాడిపశువులకు ఈ మందును అక్రమంగా వాడుతున్నారని 2018లో కేంద్రం ప్రైవేటు తయారీని నిషేధించింది. తల్లులకు మందు కరువవుతుందన్న వాదనతో ఆ నిషేధాన్ని ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది డిసెంబరులో కొట్టివేసింది. కాన్పయ్యాక రక్తస్రావాన్ని ఆపి తల్లిని బతికించేదీ ఈ మందే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు ఇస్తున్నారన్నదే ముఖ్యం.

డాక్టరును అడగవలసినవి

సంతకం పెట్టేముందు గర్భిణి అయినా, ఆమె తరఫువారైనా ఈ ప్రశ్నలు అడగవచ్చు. జవాబు పొందడం వారి హక్కు.

- నాకు ఇప్పుడు నొప్పులు ఎందుకు రప్పించాలి? ఇంకో రెండు రోజులు ఆగితే ఏమవుతుంది?
- నాకు ఎన్ని వారాలు నిండాయి? ఏ స్కానింగ్ ఆధారంగా లెక్క కట్టారు?
- ముఖద్వారం సిద్ధంగా ఉందా? ఏ మందు, ఎంత మోతాదు?
- బిడ్డ గుండె చప్పుడు ఎవరు, ఎంతసేపటికోసారి చూస్తారు?
- నొప్పులు అందుకోకపోతే ఎంతసేపు చూస్తారు? ఆపరేషన్ ఇక్కడే చేయగలరా?

మందు మొదలయ్యాక బిడ్డ కదలిక తగ్గినా, రక్తం పోతున్నా, విరామం లేకుండా నొప్పి వస్తున్నా, ఉమ్మనీరు ఆకుపచ్చగా కనిపించినా, తలనొప్పితో కళ్లు మసకబారినా వెంటనే నర్సును పిలవాలి. రాత్రి అయిందనో, కసురుకుంటారనో సంకోచించకూడదు. పొరలు విడదీశాక ఇంటికి వచ్చినవారు ఈ లక్షణాల్లో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి బయల్దేరాలి.